కోతులు ఇంకా ఎందుకున్నాయి? రాయి వయసు ఎవరు చూశారు? పదో తరగతి పిల్లల నాలుగు ప్రశ్నలకు నా జవాబు

టీచరు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పరిణామం పాఠం చెబుతుంటే పిల్లలు నాలుగు ప్రశ్నలు వేశారనీ, వాటికి పుస్తకంలో ఉన్న జవాబులు మీకే తృప్తిగా లేవనీ అన్నారు. మనం కోతి నుంచి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి? ఈ రాయికి కోట్ల ఏళ్ళని ఎవరు చూసి చెప్పారు? ఒక జీవి ఇంకో జీవిగా మారేటప్పుడు మధ్యలో ఉండాల్సిన జీవి ఎక్కడ దొరికింది? రాక్షసబల్లులే పోయాయి కదా, ఇప్పుడో పిట్ట పోతే ఏమైంది?

ముప్ఫై రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. ఏ ఏడూ ఈ నాలుగూ రాకుండా పోలేదు. పిల్లలు ఇవి అడిగారంటే పాఠం వాళ్ళకు ఎక్కుతోందనే అర్థం. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మాట సంగతి. పరిణామం అన్న తెలుగు మాటే పిల్లల్ని సగం తప్పుదారి పట్టిస్తుంది. "పరిణతి చెందిన మనిషి" అంటాం, అంటే ఎదిగి పండినవాడు. ఆ వాసన పరిణామానికీ అంటుకుంది. దాంతో చేప కంటే కప్ప మెరుగు, కప్ప కంటే కోతి మెరుగు, అన్నిటికంటే పైమెట్టు మీద మనం అని ఓ నిచ్చెన పిల్లల మనసులో నిలబడిపోతుంది. కోతి వంగి నడుస్తూ నడుస్తూ మనిషై నిటారుగా నిలబడే బొమ్మ ఆ నిచ్చెనను ఇంకా గట్టి చేస్తుంది. మీ నాలుగు ప్రశ్నల్లో మూడు ఆ నిచ్చెన నుంచి పుట్టినవే. దాన్ని తీసేసి అక్కడో చెట్టు నాటగలిగితే మిగతా పని తేలిక.

నేను క్లాసులో డార్విన్ పేరు మొదట ఎత్తేవాణ్ణి కాదు. రిటైరయ్యే ముందు నాలుగైదేళ్ళు ఒక పత్తికాయ పట్టుకెళ్ళేవాణ్ణి.

మా తమ్ముడికి ప్రత్తిపాడు వైపు పొలం ఉంది. ఓ సంక్రాంతికి వెళ్ళినప్పుడు చేలోంచి కాయ కోసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. పైకి నిగనిగలాడుతూ ఉంది, ఎక్కడా మచ్చ లేదు. గోరుతో చీల్చి చూపించాడు. లోపల దూది పసుపు పచ్చగా గార పట్టినట్టుంది. గింజలో తలదూర్చి, ఒంటి మీద గులాబీ చారలతో చిన్న పురుగు. పక్క మొక్కలో రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వు చూపించి "ఇదిగో గుడ్డిపువ్వు, ఇందులోనూ అదే" అన్నాడు. తర్వాత అడిగాడు: "అన్నయ్యా, ఇది బీటీ విత్తనమే కదా. పురుగు మందుకు అలవాటు పడిందంటావా?"

పరిణామం పాఠమంతా ఆ "అలవాటు పడింది" దగ్గరే ఉంది. బీటీ పత్తి అంటే కాయపురుగును చంపే విషాన్ని మొక్కే తన ఒంట్లో తయారుచేసుకునేలా మార్చిన రకం. మనం కాఫీకి అలవాటు పడినట్టు ఏ పురుగూ ఆ బీటీ విషానికి అలవాటు పడలేదు. తట్టుకోలేని పురుగు తిన్న రోజే చచ్చింది, దానికి అలవాటు పడే తీరికేదీ? జరిగింది వేరు. లక్షల పురుగుల్లో ఏ ఒకటి రెండింటికో, విషం రాకముందు నుంచే, పుట్టుకతో చిన్న తేడా ఉంది. విషం వాటి పేగుకు పట్టుకోదు. బీటీ లేని రోజుల్లో ఆ తేడా వల్ల వాటికి ఒరిగిందేమీ లేదు. 2002లో బీటీ పత్తి వచ్చింది, ఊళ్ళకు ఊళ్ళు అదే వేశాయి. మిగతావన్నీ చచ్చి, ఆ కొద్దిపాటివి మిగిలాయి. మిగిలినవి మిగిలినవాటితోనే జతకట్టాయి. గులాబీ రంగు పురుగుకు గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేందుకు నెల చాలు, అంటే ఒక్క పంటకాలంలోనే నాలుగైదు తరాలు. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి తరం బీటీని అది తట్టుకుంటోందని తేలింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ కూడా ఆ తర్వాత కొన్నేళ్ళకే లొంగిపోయింది. 2015 దాటాక మన గుంటూరు, వరంగల్ రైతులు కూడా కాయలు చీల్చి చూసుకోవాల్సి వచ్చింది.

ఇందులో మీ పిల్లలకు కావలసిన మూడు ముక్కలూ ఉన్నాయి. పురుగులన్నీ ఒకేలా లేవు. ఆ తేడా పిల్లలకు వస్తుంది. ఏ తేడా ఉన్నవాళ్ళు ఎక్కువ పిల్లల్ని మిగిల్చి పోతారన్నది అప్పటి పరిస్థితి తేలుస్తుంది. ఒక్క పురుగు కూడా తన జీవితంలో మారలేదు. మారింది పురుగుల గుంపులో ఏ రకం ఎంతమంది అన్న లెక్క. దీన్నే ప్రకృతి వరణం అంటాం. అక్కడ ఎంచేవాడూ లేడు, మారాలన్న కోరికా లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పండి, రైతుల పిల్లలైతే వెంటనే పట్టుకుంటారు. 450 గ్రాముల బీటీ విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు, చుట్టూ వరసలుగా వేయమని. చాలామంది దాన్ని గట్టున పడేశారు. పురుగుకు మేతగా పత్తి వేయడమేమిటని అనుకోవడంలో రైతు తప్పేమీ లేదు, ఎందుకు వేయాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. ఈ పురుగులో తట్టుకునే గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా వస్తేనే పనిచేస్తుంది. నాన్ బీటీ వరసల్లో మామూలు పురుగులు బతికి ఉంటే, తట్టుకునే ఆ ఒకటి రెండూ వాటితోనే జతకడతాయి. పుట్టిన పిల్లలకు గుణం ఒక్క వైపు నుంచే వస్తుంది కాబట్టి బీటీ కాయ తిని చస్తాయి. అమెరికాలోని అరిజోనాలో ఈ వరసలు పట్టుగా వేశారు, ఏళ్ళ తరబడి బీటీ పనిచేస్తూనే ఉంది. ఆ తర్వాత సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగుల్ని కోట్ల కొద్దీ వదిలారు. 2018లో ఆ దేశపు పత్తిలో ఈ పురుగు లేదని ప్రకటించగలిగారు. విత్తనం ఒకే రకానిది, పురుగూ అదే. పరిణామాన్ని లెక్కలోకి తీసుకున్నచోట ఒకలా జరిగింది, తీసుకోనిచోట ఇంకోలా జరిగింది.

ఇది మనకు మొదటిసారీ కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్ మందులకు లొంగకుండా పత్తిని ఊడ్చిపెట్టింది. ఆ ఏడు అప్పుల పాలైన కుటుంబాల పిల్లలు నా క్లాసులో కూర్చున్నారు. అందుకే పరిణామం మనకు సంబంధం లేని పాఠమని ఎవరన్నా అంటే నాకు కష్టంగా ఉంటుంది.

ఇక కోతుల ప్రశ్న. పిల్లల్ని తిరిగి ఓ మాట అడగండి: మీ పెదనాన్న కొడుకు ఉన్నాడు కదా, మరి నువ్వు మీ తాత మనవడివి ఎలా అయ్యావు? నవ్వుతారు. అక్కడే విషయం తేలిపోతుంది. కోతి మనకు తాత కాదు, దాయాది. ఇప్పుడు గుడి మెట్ల మీద కొబ్బరిచిప్ప లాక్కుపోయే కోతి వంశమూ మన వంశమూ విడిపోయి సుమారు రెండున్నర నుంచి మూడు కోట్ల ఏళ్ళయింది. చింపాంజీ వంశంతో మనం వేరుపడి 60, 70 లక్షల ఏళ్ళు. విడిపోయినప్పుడు ఉన్నది ఇప్పటి కోతీ కాదు, ఇప్పటి మనిషీ కాదు. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్ళు మారుతూ వచ్చారు. కోతి కూడా అన్ని కోట్ల ఏళ్ళూ మారుతూనే వచ్చింది. అది వెనకబడి ఆగిపోయిన మనిషి కాదు, కొమ్మల మీద బతకడంలో మనకంటే ఎంతో గట్టిది.

దశావతారాల పోలిక కూడా క్లాసులో వచ్చే ఉంటుంది: మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం. నా క్లాసులోనూ వచ్చేది. పిల్లల్ని కసురుకోకండి. ఆ కథ వాళ్ళకు ఇంట్లో ప్రేమగా చెప్పిన కథ, దాని పని అది చేస్తుంది. ఒక్క తేడా మాత్రం చూపించండి. అవతారాల్లో ఒకటి వెళ్ళాక ఇంకోటి వస్తుంది, వరసగా. జీవుల్లో కప్ప వచ్చాక చేప పోలేదు. కొమ్మ చీలింది, రెండూ ఉన్నాయి. భక్తికీ శాస్త్రానికీ తగువు పెట్టకుండానే ఈ మాట చెప్పొచ్చు. నేను అలాగే చెప్పాను, ఏ తల్లీ తండ్రీ నా మీదకు రాలేదు.

రాయి వయసు ప్రశ్నకు వద్దాం. ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, ఇక్కడ కాస్త ఆగుతాను.

చచ్చిన జీవుల్లో శిలాజమయ్యేవి బహు కొద్ది. మీ ఊరి పొలిమేరలో గేదె చస్తే వారంలో కుక్కలూ కాకులూ తేలుస్తాయి, ఏడాదికి ఎముకలు కూడా పొడిపొడి అవుతాయి. వరద వచ్చి ఒండ్రులో కప్పెట్టేస్తే, గాలి తగలకుండా ఉంటే, పైన పొర మీద పొర పడి, నీటిలో కరిగిన ఖనిజాలు ఎముక సందుల్లో చేరి గట్టిపడితే, ఎప్పటికో అది రాయి. ఆ రాయి భూమి లోపల కరిగిపోకుండా ఉండాలి, తిరిగి పైకి తేలాలి, ఆ సమయానికి చూసే కన్ను ఉన్నవాడు అటుగా రావాలి. ఇన్ని కుదిరితేగానీ మనకు ఒక ముక్క దొరకదు.

ప్రాణహిత, గోదావరి లోయలో అవి కుదిరాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి (డైనోసార్) ఎముకలకు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం అదే. నది అవతల సిరోంచ వైపు దొరికిన ఇంకో పెద్ద శాకాహారి పేరు బరాపాసారస్ టాగోరై. బరా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు, టాగోరై అన్నది రవీంద్రుడి పేరు మీద. 1975లో దాని వివరం అచ్చయింది, ఎముకలు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఈ రెండు జంతువులకీ పుర్రె దొరకలేదు, కొన్ని పళ్ళు మాత్రం దొరికాయి. మ్యూజియంలో తల చూసి పిల్లలు అడిగితే అది దగ్గరి బంధువుల తలల్ని బట్టి చేసిందని చెప్పండి. ఏది దొరికింది, ఏది పోల్చి చేశారు అన్నది విడమరిచి చెబితే పిల్లలకు నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

మరి వయసు? డైనోసార్ వయసు కార్బన్‌తో తేలుస్తారని చాలామంది, కొందరు టీచర్లు కూడా అనుకుంటారు. కాదు. కార్బన్ 14 అన్నది 5,730 ఏళ్ళకు సగమవుతుంది. 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి మిగలదు. పాత రాళ్ళకు వేరే గడియారాలు ఉన్నాయి. యురేనియం 238 సగం వంతు సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్ళు, యురేనియం 235కి 70 కోట్ల ఏళ్ళు. రెండూ ఒకే ఖనిజపు గింజలో ఉంటాయి. రెండు వేర్వేరు వేగాలతో నడిచే గడియారాలు ఒకే సమయం చూపిస్తే అది వట్టి ఊహ ఎలా అవుతుంది?

ఈ గడియారం లావా లాంటి కరిగి గట్టిపడిన రాళ్ళలో బాగా నడుస్తుంది, శిలాజాలేమో బురద గట్టిపడిన రాళ్ళలో ఉంటాయి. కాబట్టి ఇరుగుపొరుగును బట్టి లెక్క కట్టాలి. కడప జిల్లా వేంపల్లె సున్నపురాయిలో క్యాబేజీని నిలువునా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమాటోలైట్లు అంటారు, లోతులేని సముద్రంలో నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు పొరలుగా పేర్చినవి. మనం పీల్చే ఆక్సిజన్‌ను గాలిలోకి మొదట నింపినవి అలాంటి జీవులే. ఆ సున్నపురాయి పైనున్న పొరల్లోకి తర్వాతెప్పుడో పులివెందుల ప్రాంతంలో కరిగిన శిల చొచ్చుకొచ్చి గట్టిపడింది. ఆ శిలలోని గింజల్లో యురేనియం, సీసం లెక్కిస్తే 188 కోట్ల ఏళ్ళకు పైగా వచ్చింది. గోడకు మేకు కొట్టి ఉందంటే గోడ మేకు కంటే ముందుదే కదా. వేంపల్లె గుర్తులు 188 కోట్ల ఏళ్ళ కంటే పాతవని అలా తెలుస్తుంది. ఎవరూ అక్కడ నిలబడి చూడనక్కర్లేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ పంగిడి. కొవ్వూరు నుంచి పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు వెళ్తే రోడ్ల కోసం నల్లకంకర కొట్టే క్వారీలు వరసగా ఉంటాయి. ఆ నల్లరాయి లావా. పడమటి కనుమల ప్రాంతంలో పుట్టి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క, భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అది ఒకటి. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు, డైనోసార్లు పోయిన కాలం. ఒక ప్రవాహానికీ ఇంకోదానికీ మధ్య విరామంలో సముద్రపు పాయ అక్కడిదాకా వచ్చింది, సున్నపు బురద పేరుకుంది, ఆ బురదలో జీవులు బతికాయి. ఆ పొర ఇప్పుడు రెండు నల్ల పొరల మధ్య తెల్లగా కనిపిస్తుంది.

ఏటా ఓ బస్సు మాట్లాడుకుని పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. ఒకసారి మొగల్తూరు నుంచి వచ్చిన అమ్మాయి, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనిది, దుద్దుకూరు దగ్గర ఓ గడ్డ పగలగొట్టి నా దగ్గరికి పట్టుకొచ్చింది. రాయి మధ్యలో చిటికెనవేలంత పొడవున, మరమేకులా మెలికలు తిరిగి మొన తేలిన గుల్ల. టురిటెల్లా. "సార్, ఇవి మా బీచ్‌లో ఉంటాయి కదా" అంది. అచ్చం అవే కావు, ఆ వంశంలోవే. బీచ్ అక్కడికి గంటల ప్రయాణం, చుట్టూ మామిడి తోటలు. మిగిలిన గడ్డల్లో వేరే పిల్లలకు ఆల్చిప్పలు దొరికాయి. ఒక్క ఎముక కోసం వెతికాం, దొరకలేదు. ఆ అమ్మాయి ఆ రాయిని దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ పొరల్లో కంటికి ఆనని గుల్లలు ఇంకా పెద్ద కథ చెబుతాయి. ఫొరామినిఫెరా అని సముద్రపు ఏకకణ జీవులు ఉంటాయి, ఒక్కో రకానికి ఒక్కో ఆకారపు గుల్ల. రాజమండ్రి చుట్టుపక్కల ఈ క్వారీల్లోనూ, కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల నమూనాల్లోనూ వీటిని చూశారు. లావాకు ముందున్న పొరల్లోని రకాలలో చాలావరకు తర్వాతి పొరల్లో లేవు. తర్వాతి పొరల్లో చిన్న చిన్న కొత్త రకాలు మొదలయ్యాయి. ఆ కాలంలోనే మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర పెద్ద గ్రహశకలం కూడా పడింది. ఆ వినాశనంలో దాని వంతు ఎంత, మన దక్కన్ లావా (పంగిడి దాకా పారిందీ అదే) వంతు ఎంత అన్నది ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదనలో రాజమండ్రి రాళ్ళు సాక్ష్యంగా నిలబడ్డాయని పిల్లలకు తప్పక చెప్పండి.

"ఇదంతా తప్పని తేలాలంటే ఏం దొరకాలి?" అని ఓ తెలివైన పిల్ల ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది. అదే ప్రశ్న పరిణామ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ను అడిగితే, కేంబ్రియన్‌కు, అంటే రకరకాల జంతువుల శిలాజాలు విరివిగా కనిపించడం మొదలైన కాలానికి, ముందు కాలపు రాళ్ళలో కుందేలు శిలాజం దొరికితే చాలు అన్నారని చెబుతారు. మనవైపు ఆ మాటను ఇలా చెప్పొచ్చు: వేంపల్లె సున్నపురాయిలో ఒక్క కుందేలు పన్ను చూపించండి, పుస్తకాలన్నీ తిరగరాస్తాం. అక్కడ ఆ గుండ్రటి పొరలూ, సూక్ష్మజీవుల ఆనవాళ్ళూ తప్ప ఇంకేమీ దొరకడం లేదు. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశారు. గోదావరి లోయలో శిలాజాల వేట ఓ పద్ధతిలో సాగడానికి ఆయన ప్రోత్సాహం ఉంది. 1964లో భువనేశ్వర్‌లో పోయాక, ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. కోటసారస్ దొరికిన రాతి పొరల్లోనే ఓ చిన్న క్షీరదం పన్ను దొరికితే, 1981లో దానికి కోటాథీరియం హాల్డేనై అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద డైనోసార్ల కాళ్ళ సందుల్లో చుంచుల్లా తిరిగిన పాలిచ్చే జంతువులు అవి. 6.6 కోట్ల ఏళ్ళ కింద పెద్దవి పోయాక, ఆ చిన్న వంశం కొమ్మలు వేసి ఏనుగులూ గబ్బిలాలూ తిమింగలాలూ మనమూ అయ్యాం.

తిమింగలం అన్నాను కాబట్టి మూడో ప్రశ్న కూడా ఇక్కడే. మధ్య జీవి ఎక్కడ? ఒకటి మన దేశంలోనే దొరికింది. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ వైపు కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించి, వాటిలోని ఓ జంతువుకు 1971లో ఇండోహ్యుస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక విప్పని రాళ్ళు ఇంట్లోనే ఉండిపోయాయి. వాటిని ఆయన భార్య అమెరికాలోని శాస్త్రవేత్త థీవిసెన్‌కు అప్పగించారు. ఆ రాళ్ళను శుభ్రం చేస్తుంటే ఒక పుర్రె చెవి భాగం విరిగింది. విరిగినచోట చెవి ఎముక గోడ ఒకవైపు లావుగా కనిపించింది. అలాంటి చెవి అప్పటివరకు తిమింగలాల్లోనే తెలుసు. 2007లో ఆ సంగతి అచ్చయింది. 4.8 కోట్ల ఏళ్ళ నాటి ఇండోహ్యుస్ పిల్లి అంత జంతువు, మన నల్లమల మూషిక జింకను పోలి ఉంటుంది. కాళ్ళ ఎముకలు మాత్రం నీటిలో దిగి నడిచే నీటిగుర్రం ఎముకల్లా దట్టంగా ఉన్నాయి. పిల్లలు సగం జింక, సగం చేపను ఊహించుకుంటారు. అలాంటిది ఎక్కడా ఉండదు. ఇండోహ్యుస్ తన కాలానికి తాను పూర్తి జంతువే, తన బతుకు తాను బతికింది. వెనక్కి తిరిగి చూసే మనకే అది మధ్యలో కనిపిస్తుంది. అది తిమింగలాలకు నేరుగా తల్లి కూడా కాదు, పినతల్లి వరస.

పిట్ట పోతే ఏమైంది అన్న ప్రశ్నకు మీరు తడబడ్డానన్నారు. పిల్లవాడి లెక్క పైకి సరిగ్గానే ఉంది: పాతవి పోతాయి, కొత్తవి వస్తాయి. తప్పు కాలం దగ్గర ఉంది. ఒక వంశం రెండుగా చీలి కొత్త జాతి కావడానికి మామూలుగా లక్షల ఏళ్ళు పడుతుంది. పోవడానికి ఒక మనిషి జీవితకాలం చాలు.

కలివికోడి కథ చెప్పండి. కలివి పొదల్లో రాత్రిపూట తిరిగే సన్నకాళ్ళ పిట్ట, ప్రపంచంలో మన కడప చుట్టుపక్కల తుప్పల్లో తప్ప ఎక్కడా లేదు. 1848లో శాస్త్రానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో సిద్ధవటం వైపు ఓ స్థానిక వేటగాడి సాయంతో మళ్ళీ దొరికింది. దానికోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అయినా ఆ తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్ళలో అది కంటపడడమే గగనమైపోయింది. ఆ తుప్పలు మనకు పనికిరాని బంజరులా కనిపిస్తాయి. కలివికోడికి అదే ఇల్లు: మరీ దట్టమైనా ఉండలేదు, మరీ బోడిదైనా ఉండలేదు. దానికి సరిపోయిన చోటును మనం తోటలుగా, క్వారీలుగా మార్చేస్తే, అది "అలవాటు పడి" ఇంకోచోట బతుకుతుందనుకోవడం మా తమ్ముడి పత్తిపురుగు దగ్గర చేసిన పొరపాటే.

జాతులు పోవడం కంటే ముందే ఇంకోటి పోతుంది, పుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి: ఒకే జాతి లోపల ఉన్న తేడాలు. మనం కోట్ల ఎకరాల్లో ఒకటి రెండు రకాల వరే వేస్తే, కొత్త తెగులు వచ్చిన రోజున తట్టుకునే మొక్క ఎక్కడ దొరుకుతుంది? గట్టున పడేసిన ఆ 120 గ్రాముల ప్యాకెట్‌తో పోయింది కూడా ఇలాంటిదే. బీటీకి లొంగే పురుగులు మనకు ఎంత అవసరమో, అవి చేలో లేకుండా పోయాకే తెలిసింది.

మీ ఊళ్ళోనే పిల్లలు చేయగల పని ఒకటుంది. మన కోతులు రెండు రకాలు. నెత్తి మీద పాపిడి తీసినట్టు జుట్టు చుట్టూ పరుచుకుని, తోక పొడుగ్గా ఉండేది దక్షిణాది కోతి. తోక పొట్టిగా, పిరుదులు ఎర్రగా, ఒంటి వెనక భాగం నారింజ రంగుగా ఉండేది ఉత్తరాది కోతి. ఒకప్పుడు గోదావరి అటూఇటూగా ఈ రెంటికీ సరిహద్దు ఉండేది. ఇప్పుడు ఉత్తరాదిది కృష్ణ దాటి దిగువకు వస్తోంది, దక్షిణాదిది వెనక్కి జరుగుతోంది. మనుషులు పట్టుకుని ఇంకోచోట వదలడం కూడా దీనికో కారణం. మీ ఊరి గుడి దగ్గర ఏది ఉంది, పక్క ఊళ్ళో ఏది ఉంది అని పిల్లలు నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకుంటే రెండేళ్ళకు ఓ విలువైన లెక్క తయారవుతుంది. దూరం నుంచే చూడమనండి, చేతిలో తినేవి ఉండకూడదు.

పంగిడి తీసుకెళ్ళాలనుకుంటే డిసెంబర్, జనవరి మంచి నెలలు. క్వారీ మేనేజర్‌ను ముందే అడిగి బ్లాస్టింగ్ లేని రోజు చూసుకోండి. నిలువు గోడల కిందకు పిల్లల్ని పంపకండి, బయట పడేసిన తెల్లరాతి కుప్పలే చాలు. సుత్తులు మీ చేతిలో ఉంచుకోండి, కళ్ళకు అద్దాలు పెట్టించండి. ఏ గుల్ల దొరికినా ఎక్కడ, ఏ రోజు, ఏ పొర దగ్గర అన్నది కాగితం మీద రాసి దానితోపాటే డబ్బాలో వేయించండి. వెళ్ళే ముందు నాకో మాట రాయండి, ఈ ఏడు ఏ క్వారీలో ఆ తెల్లపొర బయటపడి ఉందో కనుక్కుని చెబుతాను.